సిగ్నల్ ఫుల్లు, నెట్ నిల్లు

(ఒక ప్రభుత్వ ఇంజనీరింగ్ కళాశాలలో క్యాంపస్ వైఫైని కొత్తగా వేసే పని మొదలయ్యే ముందు, ఒక విశ్వవిద్యాలయ నెట్‌వర్క్ ఇంజనీరు అక్కడి విద్యార్థులతో, అధ్యాపకులతో మాట్లాడిన మాటల పాఠం.)

అందరికీ నమస్కారం.

పొద్దున ప్రిన్సిపాల్ గారు ఫోన్ చేసి ఒక్కటే అడిగారు. "సార్, మాకు ఎన్ని డబ్బాలు కావాలో చెప్పి వెళ్తే చాలు, టెండర్ వేసేస్తాం" అన్నారు. డబ్బా అంటే యాక్సెస్ పాయింట్. సీలింగుకి తెల్లగా, టిఫిన్ ప్లేటు బోర్లించినట్టు బిగించి ఉంటుంది చూడండి, అదే. ఆ సంఖ్య నేను ఇప్పుడు చెప్పలేను. రేపు పొద్దున చెబుతాను. మధ్యలో ఒక రాత్రి పని ఉంది. అదేమిటో చివర్లో చెబుతా.

ఒకసారి ఫోన్లు తీయండి. ఫర్వాలేదు, మీ సార్లు ఏమీ అనరు. కాలేజీ వైఫై గుర్తు ఎన్ని గీతలు చూపిస్తోంది? ఫుల్. సరే, ఏదైనా వీడియో తెరవండి. వెనక బెంచీలో ఆ బాబు నవ్వుతున్నాడు. చక్రం తిరుగుతోంది కదా? దాని గురించే ఇవాళ మాట్లాడుకుందాం. గీతలన్నీ నిండుగా ఉండి కూడా చక్రం ఎందుకు తిరుగుతుంది? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు తెలియకుండా కోటి రూపాయలు పెట్టినా చక్రం ఆగదు.

మా క్యాంపస్‌లో ఒక హాస్టల్ బ్లాకు ఉంది. 180 మంది పిల్లలు. అక్కడి ఫిర్యాదుల పుస్తకంలో ప్రతి పేజీలో ఒకే మాట, వేర్వేరు చేతిరాతల్లో: "సిగ్నల్ ఫుల్లు, నెట్ నిల్లు." ఎవరు మొదట రాశారో తెలీదు గానీ అది నినాదమైపోయింది. వార్డెన్ గారు నెలకోసారి ఆ పుస్తకం తెచ్చి నా టేబుల్ మీద పెట్టి, ఏమీ మాట్లాడకుండా వెళ్ళిపోయేవారు. తిట్టినా బాగుండేది.

నేనేం చేశాను? అందరూ చేసేదే. బయటి నుంచి వచ్చే లింకు చాలడం లేదనుకుని పెంచమని ఫైలు పెట్టాను. ఫైలు కదలడానికి నాలుగు నెలలు పట్టింది. పెంచారు. ఏమీ మారలేదు. కారిడార్లో ఇంకో రెండు డబ్బాలు తగిలించాం. సిగ్నల్ ఇంకా ఫుల్లయింది, నెట్ ఇంకా నిల్లే. చిత్రమేమిటంటే, ఒకే గదిలో ఇద్దరుంటే ఒకడికి వచ్చేది, ఇంకొకడికి వచ్చేది కాదు. సంక్రాంతి సెలవుల నుంచి రాగానే రెండు రోజులు అందరికీ బ్రహ్మాండంగా వచ్చేది. హాస్టల్ నిండగానే మళ్ళీ మామూలే.

ఒక రాత్రి భోజనం చేసి నేనే వెళ్ళి ఆ బ్లాకు మెట్ల మీద కూర్చున్నాను. రెండు మెట్ల కింద ఒక కుర్రాడు ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ఎవరినో తిట్టుకుంటున్నాడు. నన్నే అని తర్వాత తెలిసింది. ఆ ల్యాప్‌టాప్ అడిగి తీసుకుని, నల్ల విండో తెరిచి ఐపీ అడ్రస్ చూశాను. 169.254తో మొదలవుతోంది. నెట్‌వర్క్స్ పేపరు రాసినవాళ్ళకి ఈపాటికి అర్థమైపోయి ఉండాలి. అడ్రస్ ఇవ్వాల్సిన సర్వర్ పలకకపోతే, కంప్యూటర్ తనకు తానే పెట్టుకునే నంబరు అది. అంటే ఆ కుర్రాడికి మా నెట్‌వర్కులో డోర్ నంబరు లేదు. సిగ్నల్ వీధి దాకా వచ్చింది. ఉత్తరం ఏ గుమ్మంలో వేయాలి?

లెక్క చూడండి. ఆ బ్లాకుకి మేం కేటాయించిన అడ్రసులు 254. బయటికి దారి చూపే గేట్‌వేకి ఒకటి పోతే 253. పెట్టిన కొత్తలో మనిషికో ల్యాప్‌టాప్ కూడా లేదు, బోలెడు మిగిలేవి. తర్వాత మనిషికో ఫోను, ఒక ల్యాప్‌టాపు. 180 రెళ్ళు 360. దానికి తోడు, ఒకసారి ఇచ్చిన అడ్రసును 8 రోజుల పాటు వాడికే అట్టిపెట్టాలని సర్వర్లో ఉంది. అది సర్వర్‌తో పాటే వచ్చిన అంకె, మేం ఎవరం ముట్టుకోలేదు. ఆదివారం కొడుకుని చూడటానికి వచ్చి, గంటసేపు కూర్చుని వెళ్ళిపోయిన నాన్న ఫోను కూడా మరుసటి ఆదివారం దాటి సోమవారం దాకా ఒక అడ్రసు పట్టుకుని ఉండేది. లాడ్జిలో గది తీసుకుని, తాళం జేబులో వేసుకుని ఊరెళ్ళిపోయినట్టు.

అడ్రసులను 1022కి పెంచాం, గడువును 4 గంటలకు తగ్గించాం. అరగంట పని. పైసా ఖర్చు లేదు. ఆ నాలుగు నెలల ఫైలు సంగతి మాత్రం నేను ఎవరికీ గుర్తు చేయలేదు.

ఇప్పుడు దీనికి ఇంకో చిక్కు తోడైంది. ఈ మధ్య ఫోన్లన్నీ తమ అసలు మ్యాక్ అడ్రస్, అంటే తయారీలోనే పరికరానికి పడే గుర్తింపు నంబరు, చెప్పవు. ఒక్కో వైఫై పేరుకి ఒక్కో దొంగ మ్యాక్ తయారుచేసుకుంటాయి. మన గోప్యతకు మంచిదే. కానీ మీరు హాస్టల్‌కొక పేరు, లైబ్రరీకొక పేరు, క్యాంటీన్‌కొక పేరు పెట్టారనుకోండి, ఒకే ఫోను రోజంతా తిరిగి ముగ్గురు మనుషులుగా లెక్కలోకి వస్తుంది. మ్యాక్ అడ్రసులు కాగితం మీద రాయించుకుని రిజిస్టర్ చేసే పద్ధతి ఇంకా ఇక్కడ ఉందని విన్నాను. ఆ రిజిస్టరుని ఇక మ్యూజియంకి పంపించవచ్చు.

సరే, అందరికీ అడ్రసులు దొరికాయి. అందరికీ నెట్ వచ్చింది. వచ్చాక తెలిసింది అసలు జబ్బు ఏమిటో. ఇప్పుడు అందరికీ వస్తోంది, అందరికీ నత్తనడకే.

వేసవిలో మా వీధికి నీళ్ళ ట్యాంకర్ వచ్చేది. ఒకటే పైపు. ఎంత పెద్ద ట్యాంకరైనా, ఒకసారికి ఒక్క బిందే పట్టాలి. వైఫై సరిగ్గా అదే. ఒక ఛానెల్లో, అంటే ఒక రేడియో దారిలో, ఒక చుట్టుపక్కల, ఒక క్షణంలో ఒక్కరే మాట్లాడాలి. మిగతా ఫోన్లన్నీ ఆగి వినాలి. ఖాళీ అయిందనిపిస్తే, కొద్దిసేపు, చీటీ తీసినట్టు ఎవరికి ఎంత పడితే అంతసేపు ఆగి, అప్పుడు మాట్లాడాలి. ఇద్దరు ఒకేసారి మొదలుపెడితే రెండు మాటలూ చెడిపోతాయి, మళ్ళీ మొదటికి. ట్యాంకర్ దగ్గర ఇంకో రకం మనిషి ఉంటారు, గుర్తుందా? సన్నమూతి సీసా తెచ్చే మనిషి. బిందె అర నిమిషంలో నిండుతుంది, ఆ సీసా నిండదు, సగం నీళ్ళు కింద పోతాయి, వెనక వరస అంతా ఆగిపోతుంది. కారిడార్ చివర ఉండి, రెండు గోడల అవతల నుంచి 1 మెగాబిట్ వేగంతో గొణిగే ఫోను ఆ సీసా. అదే ముక్కను 54 మెగాబిట్లతో చెప్పగలిగిన ఫోను కంటే అది దాదాపు 50 రెట్లు ఎక్కువసేపు గాలిని ఆక్రమిస్తుంది. వాడికి నెట్ స్లో అవడం వాడి బాధ. వాడి వల్ల అందరికీ స్లో అవడం మన బాధ.

ఈ గాలి పంచుకునే గొడవ కొత్తది కాదు. వైర్లెస్ నెట్‌వర్కు పుట్టిందే విశ్వవిద్యాలయంలో. హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్, ఆయన బృందం 1971లో అలోహానెట్ నడిపారు. చుట్టూ సముద్రం, మధ్యలో దీవులు, దూరంగా ఉన్న టెర్మినళ్ళను క్యాంపస్ కంప్యూటర్‌కి రేడియోతో కలిపారు. వేగం సెకనుకి 9600 బిట్లు. ఆయన పెట్టిన నియమం చాలా తేలిక: ఎవరికి చెప్పాలనిపిస్తే వాళ్ళు చెప్పేయండి, జవాబు రాకపోతే కాసేపాగి మళ్ళీ చెప్పండి. లెక్క వేస్తే ఏం తేలిందంటే, అలా ఎవరిష్టం వచ్చినట్టు వాళ్ళు మాట్లాడితే ఎంత బాగా జరిగినా గాలిలో 18 శాతం కాలమే పనికొస్తుంది. మిగతాది ఢీకొనడం, ఖాళీ. క్లాసులో సార్ బయటికెళ్ళినప్పుడు పరిస్థితి. తర్వాత వచ్చినవాళ్ళు "మాట్లాడే ముందు విను" అన్న మర్యాద చేర్చారు. మన వైఫై ఆ మర్యాద మీదే నడుస్తోంది. అయితే వినడానికి కూడా కాలం ఖర్చవుతుంది. మీ డబ్బా మీద రాసి ఉన్న వేగం, మీ ఫోనుకి చేరే వేగం ఎప్పుడూ ఒకటి కాకపోవడానికి ఇదొక కారణం.

అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం 1993లోనే క్యాంపస్ మొత్తానికీ వైర్లెస్ వేసే పని మొదలుపెట్టింది. అప్పటికి వైఫై అన్న పేరే లేదు, వైఫైకి మూలమైన 802.11 ప్రమాణం వచ్చింది 1997లో. ఆ పని నడిపిన అలెక్స్ హిల్స్ గారి దగ్గర నాకు నచ్చింది వేగం గురించిన మాటలు కావు. వాళ్ళు కొలిచారు. తర్వాతి కాలంలో ఒక చక్రాల బండి మీద కొలత సరంజామా పెట్టుకుని, భవనాల్లో తోసుకుంటూ తిరిగి, ఎక్కడ ఎంత సిగ్నల్ ఉందో పటం గీసే పద్ధతి కూడా తయారుచేశారు. మన దగ్గర బండి అక్కర్లేదు, ఫోనుంటే చాలు. తిరిగే ఓపిక ఉండాలి.

నేను తిరిగాను. అదే హాస్టల్, రెండో అంతస్తు కారిడార్. మధ్యలో నిలబడి చూస్తే నా ఫోనుకి ఒకే ఛానెల్లో నాలుగు డబ్బాలు వినిపిస్తున్నాయి. ఒక్కో డబ్బా ఆరు పేర్లతో అరుస్తోంది. స్టూడెంట్స్, స్టాఫ్, గెస్ట్, పరీక్షల విభాగం, ఎప్పుడో జరిగిన ఒక సెమినార్ కోసం పెట్టి తీయడం మరిచిపోయిన పేరు, ఇంకా "టెస్ట్". ఆ టెస్ట్ పెట్టింది నేనే.

పేరు ఊరికే ఉండదు. ప్రతి పేరుకీ సెకనుకి దాదాపు పదిసార్లు, ఇంకా కచ్చితంగా చెప్పాలంటే 102.4 మిల్లీసెకన్లకు ఒకసారి, "నేనిక్కడున్నాను" అని డబ్బా కేక వేయాలి. దాన్ని బీకన్ అంటారు. సుమారు 300 బైట్లు అనుకోండి, అంటే 2400 బిట్లు. పాత ఫోన్లకు కూడా అర్థం కావాలని అది అన్నిటికంటే తక్కువ వేగంలో, 1 మెగాబిట్‌లో చెబుతుంది. ఒక్కో కేకకి 2.4 మిల్లీసెకన్లు. ఆరు పేర్లకి 14.4. ఒకే ఛానెల్లో నాలుగు డబ్బాలకి 57.6. ఉన్నదే 102.4 కదా? సగం పైగా కాలం పేర్లు చెప్పుకోవడానికే సరిపోయింది. ఒక్క పిల్లవాడు ఒక్క పేజీ తెరవకముందే. సభలో అతిథుల పరిచయాలు పూర్తయ్యేసరికి భోజనాల వేళ అయిపోవడం మనకు కొత్తేం కాదులెండి.

ఆరు పేర్లను రెండు చేశాం. కనీస వేగాన్ని 12 మెగాబిట్లకు పెంచాం. ఒక్కో కేక 0.2 మిల్లీసెకన్లకు దిగింది. సన్నమూతి సీసాలు కూడా దానంతట అవే వరసలోంచి తప్పుకున్నాయి. దీనివల్ల ఒక నష్టం జరిగింది, అదీ చెప్పాలి. లైబ్రరీలో పుస్తకాల లెక్కకి వాడే పాత బార్‌కోడ్ మెషీన్ ఒకటి మూగబోయింది. దానికి పాత వేగాలు తప్ప ఏమీ రావు. లైబ్రరీ మేడమ్ వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఆ ఒక్క మెషీన్ కోసం ఆ మూల ఒక పాత డబ్బాను విడిగా పెట్టాం.

ఇందులో కష్టమైన పని వేగం మార్చడం కాదు, పేర్లు తీసేయడం. ఒక్కో విభాగం వాళ్ళూ "మా డిపార్ట్‌మెంట్‌కి విడిగా పేరుండాలి" అంటారు. "మీ అందరూ ఒకే పేరులో చేరినా, లోపల మిమ్మల్ని విడివిడి దారుల్లో పంపుతాం, మీ ప్రింటర్ మీకే కనిపిస్తుంది" అని చెప్పి ఒప్పించడానికి నాకు టీలే ఎన్నో అయ్యాయి.

డబ్బాలు ఎక్కడ పెట్టాలన్నది ఇంకో సంగతి. పాతకాలంలో కారిడార్లో వరసగా బిగించేవాళ్ళం. నిచ్చెన వేయడం తేలిక, గదుల తాళాలు అడగనక్కర్లేదు. కానీ కారిడార్ అంటే గొట్టం. ఈ చివరి డబ్బా ఆ చివరి డబ్బాకి శుభ్రంగా వినిపిస్తుంది, ఒకరి కోసం ఒకరు ఆగుతూ ఉంటారు. పక్కనే ఉన్న గదిలోకి మాత్రం 9 అంగుళాల గోడ దాటి వెళ్ళాలి. గోడ దాటాక ఎదురుగా ఇనుప బీరువా. ఆ బీరువా వెనక మంచం. ఆ మంచం మీద మన కుర్రాడు. వాడు మెసేజ్ పెట్టేది నాకు. ఇప్పుడు గదుల్లోనే పెడుతున్నాం, ఒక గది విడిచి ఒక గది, పై అంతస్తులో కింది దానికి సరిగ్గా మీద రాకుండా పక్కకు జరిపి. అప్పుడు గోడలు శత్రువులు కావు, మన తరఫున పని చేస్తాయి. ఒక డబ్బా గోల ఇంకో డబ్బాకి వినపడకుండా ఆపుతాయి.

పవర్ పెంచితే సరిపోదా అని అడుగుతారు. పొద్దున ఇక్కడ కూడా ఒకరు అడిగారు. మీ ఊళ్ళో గుడి మైకు ఉంటుంది కదా. పూజారి గారి మాట పొలిమేర దాకా వినిపిస్తుంది. పొలిమేర నుంచి మీరు అరిస్తే ఆయనకి వినిపిస్తుందా? డబ్బా గొంతు పెద్దది, ఫోను గొంతు చిన్నది. పవర్ పెంచితే ఫోనులో గీతలు నిండుతాయి, ఫోను పంపింది మాత్రం డబ్బాకి చేరదు. ఫుల్లూ నిల్లూ కలిసి బతికేది ఇక్కడే. ఇంకా ఏమవుతుందంటే, ఎంత దూరం వెళ్ళినా ఆ పాత డబ్బా గట్టిగా వినిపిస్తూనే ఉంటుంది గనక ఫోను దాన్ని వదలదు. ఏ డబ్బాని పట్టుకోవాలో నిర్ణయించేది ఫోనే. కొత్త పరికరాలు "అటు వెళ్ళు నాయనా" అని సలహా ఇవ్వగలవు, చెయ్యి పట్టి లాక్కెళ్ళలేవు. మా బ్లాకులో మేం పవర్ తగ్గించాం. నెట్ బాగుపడింది. పవర్ తగ్గిస్తే బాగుపడిందంటే మా రిజిస్ట్రార్ గారు ఇప్పటికీ నమ్మరు.

ఇప్పుడు కొనే సంగతికి వద్దాం. వైఫై వాడే రేడియో పట్టీల్లో, అంటే బ్యాండ్లలో, పాతదైన 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిమీద ఒకటి ఎక్కకుండా వాడుకోదగ్గ ఛానెళ్ళు మూడే: 1, 6, 11. మన దేశంలో ఆ పట్టీని లైసెన్స్ లేకుండా వాడుకోవచ్చని 2005 జనవరిలో నోటిఫై చేశారు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు, మైక్రోవేవ్ ఓవెన్లు అన్నీ అక్కడే చేరాయి. అది మన ఊరి బస్టాండు. 5 గిగాహెర్ట్జ్‌లో 2018 అక్టోబరులో 605 మెగాహెర్ట్జ్ దాకా బయటా లోపలా వాడుకునేలా తెరిచారు. 20 మెగాహెర్ట్జ్ ముక్కలు ఇరవైకి పైగా దొరుకుతాయి. గోడలు దాటడంలో ఇది కాస్త బలహీనం, కానీ హాస్టల్ గదులకు ఆ బలహీనతే బలం. 6 గిగాహెర్ట్జ్ విషయానికొస్తే, అమెరికా 2020లోనే 1200 మెగాహెర్ట్జ్ ఇచ్చేసింది. మన దగ్గర కింది భాగం 500 మెగాహెర్ట్జ్‌కి ముసాయిదా నియమాలు 2025 మేలో, తుది నియమాలు 2026 జనవరిలో వచ్చాయి, అదీ భవనాల లోపల తక్కువ పవర్‌తో, బయట మరీ తక్కువ పవర్‌తో వాడుకోవడానికి. కాబట్టి అమ్మేవాళ్ళు బ్రోషర్‌లో ఏ అంకె చూపించినా, ఆ మోడల్‌కి ఆ పట్టీలో మన దేశంలో అనుమతి పత్రం ఉందో లేదో కాగితం అడగండి. వైఫై 6 అనే తరం డబ్బాల్లోని మంచి గుణం ట్యాంకర్‌కి ఒకటి బదులు చిన్న చిన్న కుళాయిలు బిగించినట్టు ఉండటం. ఒకే క్షణంలో నలుగురైదుగురికి తలా కొంచెం పోయగలదు. మీ 60 మంది క్లాసురూములకు అది నిజంగా పనికొస్తుంది. వైఫై 7 ఇంకా వేగం, కానీ మీ పిల్లల చేతుల్లో ఉన్న ఫోన్లు ఎన్ని దానికి సరిపోతాయో ముందు లెక్కపెట్టుకోండి. నా మటుకు నేనైతే ఆ తేడా డబ్బును వైర్ల మీద పెడతాను.

వైర్లు. ఇక్కడ కాసేపు ఆగాలి. వైర్లెస్ అంటాం గానీ, ఖర్చులో పెద్ద భాగం వైర్లదే. ఒకసారి మా దగ్గర కొత్త డబ్బాలు వచ్చాయి. కొబ్బరికాయ కొట్టి, ఫొటోలు దిగి, పాత స్విచ్‌లకే, అంటే నెట్ కేబుళ్ళన్నీ వచ్చి కలిసే పెట్టెలకే, తగిలించాం. అన్నీ వెలిగాయి. నెట్ పాతదానికంటే ఘోరం. మూడు రోజులు జుట్టు పీక్కున్నాక తేలింది. డబ్బాకి కరెంటు కూడా నెట్ కేబుల్లోనే వెళ్తుంది, దాన్ని పీఓఈ అంటారు. 2003 నాటి ప్రమాణం ప్రకారం పోర్టుకి 15.4 వాట్లు. 2009లో వచ్చినది 30 వాట్లు. మా స్విచ్‌లు మొదటి రకం, డబ్బాలు రెండో రకం. చాలినంత కరెంటు రాకపోతే డబ్బా ఆగిపోదు, గొడవ చేయదు. లోపల సగం రేడియోలు ఆపేసుకుని, బయటికి లైటు మాత్రం వెలిగించుకుని కూర్చుంటుంది. 5 హెచ్‌పీ మోటారు కొని ఇంటి మీటరుకి కలిపినట్టు. స్విచ్‌లు మార్చడానికి మళ్ళీ ఫైలు, మళ్ళీ ఏడాది.

బ్లాకుకీ బ్లాకుకీ మధ్య రాగి కేబుల్ వేయకండి. 100 మీటర్లు దాటితే ఎలాగూ పని చేయదు. లోపలే ఉన్నా వేయకండి. ఏప్రిల్, మే నెలల్లో పిడుగు ఎక్కడో పడుతుంది, మన స్విచ్‌లో పోర్టులు వరసగా మాడిపోతాయి. ఫైబర్ వేయండి. రెండు పోగులు చాలు కదా అని రెండే వేయకండి, 24 వేయండి. పోగుల ధర ఎంతా? ఖర్చంతా గొయ్యి తవ్వడానికి. ఒకే దారిలో కాకుండా రెండు వైపుల నుంచి తీసుకెళ్ళండి. ఎందుకంటే మీ క్యాంపస్‌లో ఎప్పుడో ఒకప్పుడు మంచినీళ్ళ పైపు కోసం జేసీబీ దిగుతుంది. ఫైబర్ ఎక్కడుందో ఆ డ్రైవరుకి తెలియదు. కాంట్రాక్టరుకి తెలియదు. వేసిన నాలుగేళ్ళకి మీకూ గుర్తుండదు. అందుకే మా ఎలక్ట్రీషియన్ ఒకాయన, మేం పటం గీసేలోపే, ఫైబర్ దారి పొడుగునా చెట్లకి, గోడలకి పసుపు పెయింటుతో చుక్కలు పెట్టేశాడు. మా దగ్గరున్న అన్ని డాక్యుమెంట్లలో ఈనాటికీ పనికొస్తున్నది ఆ చుక్కలే. పైకప్పుల మీద కోతులు, డక్టుల్లో పందికొక్కులు. కేబుల్‌ని ఇనుప గొట్టంలో పెట్టండి, ప్లాస్టిక్ గొట్టం వాటికి చెరుకుగడ.

మేడమ్ ఒకరు చీటీ పంపారు. "డేటా ఇంత చవకైన రోజుల్లో క్యాంపస్ వైఫై దేనికి?" మంచి ప్రశ్న. సినిమాలకైతే అక్కర్లేదు. కానీ మీ పాత బ్లాకు రాతి గోడల లోపల మొబైల్ సిగ్నల్ ఏదీ? ల్యాబులో 30 మందికి ఒకేసారి సాఫ్ట్‌వేర్ దిగాలంటే ఎవరి హాట్‌స్పాట్? ఇంకోటి ఉంది. వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అని కేంద్రం 2025 జనవరి నుంచి నడుపుతోంది. మూడేళ్ళకు 6000 కోట్లు, 13,000 దాకా జర్నల్స్, ప్రభుత్వ విద్యాసంస్థలకి. ప్రచురణకర్తలు క్యాంపస్ ఐపీ అడ్రస్ చూసి నేరుగా తలుపు తీస్తారు. అదే వ్యాసాన్ని ఫోను డేటాలో తెరిస్తే డాలర్లలో ధర అడుగుతుంది. క్యాంటీన్ పక్క చెట్టు కింద కూర్చుని జర్నల్ చదువుకోగలిగితే ఆ వైఫైకి పెట్టిన డబ్బు వచ్చేసినట్టే.

లాగిన్ గురించి రెండు ముక్కలు. రోజుకి నాలుగుసార్లు పేజీ వచ్చి పాస్‌వర్డ్ అడిగే పద్ధతి మానేయండి. ఎడ్యురోమ్ పెట్టించుకోండి, విద్యాసంస్థలన్నీ కలిసి వాడుకునే వైఫై లాగిన్ అది. 2002లో నెదర్లాండ్స్‌లో క్లాస్ వీరెంగా ప్రతిపాదించిన ఆలోచన, ఇప్పుడు 100కి పైగా దేశాల్లో ఉంది. మన దేశంలో విద్యా, పరిశోధన సంస్థలకు నెట్‌వర్క్ ఇచ్చే ప్రభుత్వ సంస్థ ఎర్నెట్ ఇండియా నడుపుతోంది. ఇక్కడి ఐడీతో ఫోను ఒకసారి సెట్ చేసుకుంటే, మీరు హైదరాబాద్‌లో ఎడ్యురోమ్ ఉన్న క్యాంపస్‌కి సెమినార్‌కి వెళ్ళినా, రేపు ఎంఎస్‌కి సీటు చూసుకోవడానికి ఏ టెక్సాస్‌కో వెళ్ళినా, అక్కడి వైఫైకి దానంతట అదే కలుస్తుంది. మీ పాస్‌వర్డ్ వాళ్ళకి తెలియదు, తనిఖీ ఇక్కడే జరుగుతుంది. ఒక్క జాగ్రత్త. సెట్ చేసేటప్పుడు సర్టిఫికెట్, అంటే అవతలిది అసలు సర్వరే అని చెప్పే గుర్తింపు పత్రం, అడుగుతుంది, విసుక్కుని "తనిఖీ వద్దు" అని నొక్కకండి. అదే పేరుతో ఎవడైనా క్యాంటీన్లో దొంగ డబ్బా పెడితే మీ పాస్‌వర్డ్ వాడి చేతిలో పెట్టినట్టు. ఎవరు ఎప్పుడు కలిశారన్న లాగ్‌లు 180 రోజులు దాచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. దానికి డిస్కు కొనండి. ఎస్టిమేట్‌లో అందరూ మరిచిపోయే వస్తువు అదే.

అన్నట్టు, హాస్టల్ గదుల్లో సొంత రౌటర్లు పెట్టుకున్నవాళ్ళు ఇక్కడ ఎందరున్నారు? చేతులెత్తొద్దు, వార్డెన్ గారు ముందు వరసలోనే ఉన్నారు. మిమ్మల్ని నేను తప్పు పట్టను. నెట్ రాకపోతే నేనైనా అదే చేస్తాను. మా దగ్గర రౌటర్లు పట్టుకోవడానికి రెయిడ్ చేద్దామన్నారు ఒకసారి. వద్దన్నాను. గదుల్లో నెట్ బాగా వచ్చిన నెలలోనే చాలావరకు అవే మాయమయ్యాయి. కొన్ని మాత్రం చెత్తబుట్టలో కనిపించాయి, అడాప్టర్లు లేకుండా. అడాప్టర్లు పనికొస్తాయి కదా.

ఇక ఆ రాత్రి పని. ప్రిన్సిపాల్ గారూ, డబ్బాల సంఖ్య ఖాళీ భవనంలో కొలిస్తే తప్పొస్తుంది. మనుషులు నీళ్ళు నింపిన సంచుల్లాంటివాళ్ళు, సిగ్నల్ తాగేస్తారు. అందుకని ఇవాళ రాత్రి 9 గంటలకి, మెస్ అయిపోయి అందరూ గదుల్లో చేరాక, నేను మీ పెద్ద హాస్టల్‌కి వస్తున్నాను. నాకు ఇద్దరు పిల్లలు కావాలి. ఒకరు టేపు, బిల్డింగ్ ప్లాను పట్టుకోవాలి. ఇంకొకరు ఒక డబ్బాని కర్రకి కట్టి సీలింగ్ ఎత్తున పట్టుకుని నిలబడాలి. చెయ్యి నొప్పి పెడుతుంది, ముందే చెబుతున్నా. మిగతావాళ్ళు రోజూలాగే ఏం చూస్తారో అదే చూడండి. క్రికెట్ ఉంటే ఇంకా మంచిది. బీరువాలు జరపకండి, తలుపులు మూసే ఉంచండి, రౌటర్లు దాచకండి. ఆ మూడో వరసలో చెయ్యెత్తిన అమ్మాయి, మీ హాస్టల్‌కి రేపు రాత్రి వస్తాను. అప్పటిదాకా మీ ఫిర్యాదుల పుస్తకం ఒకసారి నాకిప్పించండి, చదువుకుంటాను.